అవ్వ చేతి వెన్న

శుక్రవారం తెల్లవారుజామున మా అవ్వ కవ్వంతో పెరుగు చిలికే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. ఆ రోజు తీసిన వెన్నలో మొదటి ముద్దను ఇంట్లో ఎవరూ ముట్టుకోకూడదు. దానిని మోదుగాకులో పెట్టి, పైన మరో ఆకు కప్పి, నూలుదారంతో కట్టి, కరగకుండా తడిబట్ట చుట్టి, అవ్వ తన చేతిసంచిలో అడుగున పెట్టుకునేది. అలంపురం వెళ్ళే శుక్రవారమైతే ఆ వెన్న బాలబ్రహ్మేశ్వరుని గుడిలో ఉన్న అమ్మకు. వెళ్ళని శుక్రవారమైతే ఊళ్ళోని సుంకులమ్మ రాతికి. నాకు అప్పటికి తొమ్మిదేళ్ళు ఉంటాయేమో. ఇప్పుడు అరవై దాటాయి. ఈనాటికీ ఎక్కడైనా మోదుగాకు వాసన తగిలితే నా నోట్లో వెన్న రుచి ఊరుతుంది.

అవ్వవాళ్ళ ఊరు తుంగభద్ర కృష్ణలో కలిసే తావుకు ఎంతో దూరం లేదు. చీకటితో ఎద్దుల బండిలో బయలుదేరితే ఎండ ముదరకముందే అలంపురం చేరేవాళ్ళం. ముందు నదిలో మునక, ఆ తరువాత తడి చీరలతోనే గుళ్ళలోకి. తుంగభద్ర ఎడమ గట్టున ఉన్న ఆ తొమ్మిది గుళ్ళు బాదామి చాళుక్యుల కాలంలో, 7, 8 శతాబ్దాలలో లేచినవనీ, తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అంటూ వాటి పేర్ల చివర బ్రహ్మ అనే మాట ఉన్నా అన్నింటిలోనూ కొలువున్నది శివుడేననీ నేను చదువుకున్నది చాలా ఏళ్ళ తరువాత. అప్పట్లో నాకు తెలిసినదల్లా అరికాళ్ళకు తగిలే రాతి చల్లదనం, గబ్బిలాల వాసన, స్వర్గబ్రహ్మ గుడి గోడల మీద వంగి నిలుచున్న బొమ్మలు, వాటి మధ్య ఆడుకుంటే ఎవరూ కోప్పడకపోవడం.

ఆ రోజుల్లో జోగుళాంబకు విడిగా గుడి లేదు. ఆమె పాత గుడి 14వ శతాబ్దంలో బహమనీ సేనల దాడికి కూలిపోయిందనీ, మూర్తిని మాత్రం బాలబ్రహ్మేశ్వరాలయంలోకి చేర్చి కాపాడుకున్నారనీ మా వైపు పెద్దలు చెప్పుకునేవారు. ఇప్పుడు చూస్తున్న గుడి, చుట్టూ నీటి గుండంతో ఉన్నది, 2005లో వచ్చింది. శవం మీద ఆసీనురాలై, జుట్టులో బల్లినీ తేలునూ ధరించిన ఆ తల్లిని చూడాలంటే నాకు భయంగా ఉండేది. అవ్వ నా తలను తన పైటలో దాచి, "లంకాయాం శాంకరీ దేవీ" అని మొదలుపెట్టి, "అలంపురే జోగుళాంబా" అనే చోట గొంతు కొంచెం పెంచి, అక్కడితో ఆపేసేది. 18 పీఠాలలో మన తల్లిది ఐదవది, మిగతా వాళ్ళను వాళ్ళ ఊరివాళ్ళు తలుచుకుంటారు అనేది ఆమె లెక్క.

అయితే వెన్న జోగుళాంబకు కాదు. అదే గుడిలో ఒక పక్కగా, పెద్ద ఆడంబరం లేకుండా, వెల్లకిలా పరుచుకున్నట్లున్న మరొక అమ్మ ఉంది. ఆమెకు తల లేదు. మెడ ఉండవలసిన చోట విచ్చుకున్న తామరపువ్వు ఉంది. రెండు చేతులూ భుజాల దగ్గరికి ఎత్తి ఉంటాయి. మోకాళ్ళు రెండు వైపులకూ మడిచి, పాదాలు పైకి తిప్పి, పురిటి నొప్పులు పడే మనిషిలా ఉంటుంది. ఒంటి మీద నగలున్నాయి, గుడ్డ లేదు. ఆ రాతి మీద తరాల పసుపు, కుంకుమ, నెయ్యి, వెన్న పేరుకుని నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. మా చిన్నమ్మకు పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేరు. ఆమె కోసమే ఆ ప్రయాణాలు. అవ్వ మోదుగాకు విప్పి ముద్దను చిన్నమ్మ అరచేతిలో పెట్టేది. చిన్నమ్మ కళ్ళు మూసుకుని, అమ్మ బొడ్డు దగ్గర నుంచి కిందికి, తొడల మీదుగా, మెల్లగా, నెలల పసిబిడ్డకు నూనె రాసినంత మెత్తగా వెన్న పూసేది. ఆ పని అయ్యేవరకూ ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

మొదటిసారి చూసినప్పుడు నేను సిగ్గుతో ముఖం తిప్పుకున్నాను. అవ్వ నా గడ్డం పట్టుకుని మళ్ళీ అటే తిప్పింది. "అవ్వా, అమ్మకు తల ఏది?" అన్నాను. "అదుగో, తామరపువ్వు కనపల్యా?" అంది. "మరి గుడ్డ ల్యాకుండా...?" అన్నాను గొంతు తగ్గించి. "బిడ్డను కనేటప్పుడు ఏ తల్లి సిగ్గుపడతాదే? ఆ పొద్దు తల్లికి మొకమూ ఉండదు, పేరూ ఉండదు. కడుపే మనిషి" అంది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఆ మాట అర్థం కాలేదు. నా పెద్దకొడుకు పుట్టిన రాత్రి అర్థమైంది.

పండితులు ఈ మూర్తిని లజ్జాగౌరి అంటారని కాలేజీ లైబ్రరీలో తెలుసుకున్నప్పుడు నాకు మనసు చివుక్కుమంది. బాదామి పక్కన మహాకూటంలో ఆ పేరుకు ఒక కథ కూడా చెబుతారు: శివపార్వతులు ఏకాంతంగా ఉన్న వేళ ఎవరో రావడంతో అమ్మ సిగ్గుతో తల కోల్పోయిందట. ఆ పేరు అక్కడి వాళ్ళది, దాని మీద నాకు వైరం లేదు. కానీ మా అవ్వ నోట సిగ్గు అనే మాట ఆ రాతి దగ్గర ఒక్కసారీ రాలేదు. ఆమెకు ఆ తల్లి రేణుకమ్మ. తల ఎందుకు లేదో చెప్పడానికి ఆమె దగ్గర వేరే కథ ఉంది, అది బైండ్లవాళ్ళ కథ.

మా ఊళ్ళో జమిడిక మీద బైండ్లవాళ్ళు ఎల్లమ్మ కథ చెప్పే రాత్రి అవ్వ మమ్మల్ని నిద్రపోనిచ్చేది కాదు. జమదగ్ని ముని ఇల్లాలు రేణుక రోజూ ఏటికి పోయి, పచ్చి ఇసుకతో కుండ చేసి, పామును చుట్టకుదురుగా నెత్తిన పెట్టుకుని, దాని మీద ఆ కుండతో నీళ్ళు తెచ్చేది. ఒకనాడు గంధర్వుడు భార్యలతో జలక్రీడలాడటం చూసి ఆమె మనసు ఒక్క క్షణం చలించింది. ఇసుక కుండై నిలవలేదు, పాము చుట్టై కుదరలేదు. ముని తల నరకమన్నాడు. పెద్దకొడుకులు కాదన్నారు, పరశురాముడు గొడ్డలి ఎత్తాడు. తల్లి పారిపోయి మాతంగి గుడిసెలో దాక్కుంటే ఇద్దరి తలలూ తెగిపడ్డాయి. తండ్రి ఇచ్చిన వరంతో కొడుకు తల్లిని బతికించుకున్నాడు గానీ, తొందరలో ఒకరి తల ఒకరి మొండేనికి అతికాడు. అందుకే ఒకరు ఎల్లమ్మ, ఒకరు మాతంగి. జమిడిక ఆ చోట ఒక్కసారిగా ఆగిపోయేది. ఆ నిశ్శబ్దంలో ఊరి ఆడవాళ్ళందరూ కళ్ళొత్తుకునేవారు. అలంపురంలోని రాతి మీద తల లేకపోవడానికి అవ్వకు ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు: "తెగిన తల అక్కకు పోయింది, అమ్మకు తామర మొలిచింది."

ఈ కథకూ ఆ శిల్పానికీ చరిత్రలో సంబంధం ఉందని నేను వాదించను. ఆ రూపం రేణుక కథకు కట్టుబడినది కాదు. మహారాష్ట్రలోని తేర్ వంటి చోట్ల శాతవాహనుల కాలం నాటి ఇటువంటి చిన్న మట్టి బిళ్ళలు దొరికాయి. అంతకన్నా ఎంతో ముందు హరప్పాలో దొరికిన ఒక ముద్ర మీద తలకిందులుగా ఉన్న స్త్రీ గర్భం నుంచి ఒక మొక్క మొలుస్తూ ఉంటుంది. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లో ఈ మూర్తిని ఋగ్వేదం పదవ మండలం 72వ సూక్తంతో ముడిపెట్టారు. పాదాలు పైకెత్తిన ఉత్తానపద నుంచి భూమి పుట్టిందనీ, అదితి నుంచి దక్షుడూ దక్షుని నుంచి అదితీ పుట్టారనీ చెప్పే సూక్తం అది. అందరూ ఆ వ్యాఖ్యను ఒప్పుకోలేదు. అది మొదటిసారి చదివిన రోజు మాత్రం, వేదం చదవని మా అవ్వ కూడా భూమినీ తల్లినీ వేరు చేసి మాట్లాడేది కాదు కదా అని నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆ తల్లి రెండోసారి నాకు ఎదురైనది నాగార్జునకొండలో. డిగ్రీ చదివేటప్పుడు మమ్మల్ని విహారయాత్రకు తీసుకుపోయారు. సాగర్ నీళ్ళ మీద లాంచీలో ద్వీపానికి చేరి, మ్యూజియంలో బుద్ధుని జీవిత ఘట్టాల పలకలు చూస్తూ నడుస్తున్నాను. ఒక్కసారి కాళ్ళు ఆగిపోయాయి. అదే కూర్చున్న తీరు, అవే మడిచిన మోకాళ్ళు, మొలనూలు. పైభాగం విరిగిపోయింది, మిగిలినది నడుము నుంచి కింది భాగమే. తోటి అమ్మాయిలు నవ్వుకుంటూ ముందుకు పోయారు. నేను అక్కడే నిలబడ్డాను. నా వేళ్ళు వాటంతట అవే వెన్న కోసం తడుముకున్నట్లయింది.

ఆ శిల్పం మీద ప్రాకృతంలో చిన్న శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు ఎహువల చాంతమూలుని భార్య, మహాదేవి ఖండువుల ఆ మూర్తిని చేయించిందట. ఆమె తనను గురించి చెప్పుకున్న మాటలు రెండే, అవిధవ, జీవపుత్ర. భర్త ఉన్నది, పిల్లలు బతికి ఉన్నది. సుమారు 1,700 ఏళ్ళ క్రితం ఒక రాజ్యానికి రాణి అయిన మనిషి తన గురించి లోకానికి చెప్పదలచుకున్నది ఆ రెండే. నాకు వెంటనే మా ఇంటి గడపలో ముత్తైదువులు ఒకరికొకరు పసుపు రాసుకుంటూ ఇచ్చుకునే దీవెనలు గుర్తుకొచ్చాయి. దీర్ఘసుమంగళీభవ, పుత్రపౌత్రాభివృద్ధిరస్తు. మాట మారింది, కోరిక మారలేదు. ఆ దీవెనల బరువు ఎంతటిదో, అవి ఫలించని ఆడవాళ్ళ మీద ఎలా పడుతుందో చిన్నమ్మను చూసి నాకు అప్పటికే తెలుసు. అందుకే ఖండువుల మీద గౌరవంతో పాటు, ఆ శాసనం చెక్కించుకోలేకపోయిన ఆడవాళ్ళ మీద దిగులు కూడా ఆ రోజే పట్టుకుంది.

అదే కొండలోయలో హారీతికి కూడా గుడి ఉండేది. పిల్లలను ఎత్తుకుపోయి తినే యక్షిణి ఆమె. ఆమెకు 500 మంది బిడ్డలు. బుద్ధుడు వాళ్ళలో చిన్నవాణ్ణి భిక్షాపాత్ర కింద దాచాడు. వందలమందిలో ఒక్కడు కనపడకపోతేనే నీకు ఇంత దుఃఖమైతే, ఒక్కగానొక్క బిడ్డను పోగొట్టుకున్న తల్లి సంగతేమిటని అడిగాడు. ఆనాటి నుంచి ఆమె పిల్లలను కాచే తల్లి అయింది. విహారాలలో భోజనశాల దగ్గర ఆమె బొమ్మ ఉంచి రోజూ అన్నం పెట్టేవారని 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా భిక్షువు ఇ-త్సింగ్ రాసి పెట్టాడు. మా అవ్వ పొలిమేర దగ్గర, పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు పెరుగన్నం ముద్దలు పెట్టి, "నీ ఆకలి దీనితో తీర్చుకో తల్లీ, మా బిడ్డల జోలికి రాకు" అని వేడుకునేది. ఆ మొక్కు మాటలు హారీతికి కూడా సరిగ్గా సరిపోతాయి. చంపగల తల్లినే కాపాడమని అడగడం మన ఊళ్ళ ఆడవాళ్ళకు ఎప్పుడూ విడ్డూరంగా తోచలేదు.

ఆ తరువాత చాళుక్య శాసనాలలో రాజుల బిరుదులు చదువుతుంటే నాకు ఇంకో ముడి విడింది. మానవ్య గోత్రులం, హారీతి పుత్రులం, సప్తమాతృకలు పెంచిన వాళ్ళం అని వాళ్ళు తమను తాము వర్ణించుకున్నారు. ఆ హారీతీ ఈ హారీతీ ఒకరేనా అనే చర్చలోకి నేను పోను. కానీ కత్తి పట్టి రాజ్యాలు గెలిచిన వాళ్ళు తమ శాసనాల మొదట్లో తల్లుల పేర్లు చెప్పుకోవడం నన్ను కదిలించింది. బ్రాహ్మి, మాహేశ్వరి, కౌమారి, వైష్ణవి, వారాహి, ఇంద్రాణి, చాముండ అనే ఆ ఏడుగురు ఒడిలో బిడ్డలతో వరుసగా కూర్చున్న రాతిపలకలు మన శిథిలాలయాలలో ఇంకా కనపడతాయి. గుంటూరు జిల్లా చేబ్రోలులో బయటపడిన సంస్కృత శాసనం గురించి 2019లో పత్రికల్లో వచ్చింది. శాతవాహన రాజు విజయుని కాలం, సామాన్యశకం 207. అందులోనూ సప్తమాతృకల గుడి ప్రస్తావనే. ఆ వార్తను కత్తిరించి దాచుకున్నాను. దానిని చదివి వినిపించడానికి అప్పటికి అవ్వ లేదు.

పుస్తకాలు ఇచ్చిన వాటిలో నాకు అన్నింటికన్నా నచ్చినది కుండ సంగతి. ఈ అమ్మ మొండెం గుండ్రంగా, నిండుగా, మూతి దగ్గర తామరతో, అచ్చంగా పూర్ణకుంభంలా ఉంటుందని శిల్పశాస్త్రం చదివినవాళ్ళు అంటారు. అమరావతి పలకల మీద పూలు పొంగిపొరలే పూర్ణఘటం చూసినవాళ్ళకు ఆ పోలిక ఇట్టే తోస్తుంది. ఇది తెలిశాక నాకు ఇంట్లో, ఊళ్ళో అంతటా అమ్మే కనపడసాగింది. శ్రావణ శుక్రవారం అవ్వ బియ్యం మీద నిలిపే కలశం, దాని మీది కొబ్బరికాయకు దిద్దే పసుపు ముఖం. ఆషాఢంలో వేపమండలతో ఊరేగే ఘటం, ఆడవాళ్ళు నెత్తిన ఎత్తుకునే బోనం. గోదావరి వైపు జాతరల్లో తలల మీద ఆడే గరగలు. ఇసుకతో కుండ చేసిన రేణుక. కుండే అమ్మ ఒళ్ళు. అందులో నీళ్ళుంటే లోకం బతుకుతుంది.

మా సీమలో ఆ చివరి మాటకు వేరే అర్థం చెప్పనక్కరలేదు. దేవీమాహాత్మ్యంలో అమ్మ ఒక మాట ఇస్తుంది: వానలు లేని కాలంలో నా ఒంటి నుంచే పుట్టిన కూరాకులతో, వాన పడేదాకా, లోకాన్నంతా పోషిస్తాను, అప్పుడు నన్ను శాకంభరి అంటారు. ఆషాఢంలో బెజవాడ ఇంద్రకీలాద్రి మీద కూరగాయలతో చేసే అలంకారాన్ని చూడటానికి నేను రెండుసార్లు వెళ్ళాను. చాలా అందంగా ఉంటుంది. అయినా నాకు శాకంభరి అంటే కళ్ళ ముందు మెదిలేది కరువు ఏడాది మా అవ్వ చెలక గట్ల వెంట వంగి దొగ్గలాకు, పొనగంటాకు ఏరుకుని ఒడి నింపుకుని రావడం, పిల్లలకు సంగటిలోకి ఆ ఆకే పులుసు కాచి, తాను ఉత్త గంజి తాగి పడుకోవడం.

1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం మా అవ్వవాళ్ళ ఊరినీ ముంచింది. ముంపు అన్న మాట మా ఇళ్ళల్లో ఇప్పటికీ చావు కబురులా పలుకుతారు. నాగార్జునకొండ లోయనూ ఆ కృష్ణే కప్పిందనీ, అక్కడి తల్లులను ముందుగా కొండ మీదికి చేర్చారనీ నాకు అప్పటికే తెలుసు. ఇక్కడ కూడలి సంగమేశ్వరుని గుడిని రాయి రాయిగా విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. గుడి రాళ్ళ మీద అంకెలు వేసి ఉండటం నేను చూశాను. మా సుంకులమ్మకు అంకెలు అక్కరలేకపోయింది, ఆమె ఒకే ఒక రాయి. ఊరు ఖాళీ చేసే రోజు, ఇళ్ళ దూలాలు, తలుపులు, గాదెలు, కోళ్ళగంపలు బండ్లకెక్కించక ముందే, మొదటి బండిలో వరిగడ్డి పరిచి, కొత్త చీర కప్పి, ఆ రాతిని పడుకోబెట్టారు. అవ్వ ఆ బండి ఎక్కలేదు. చక్రం పక్కన చెయ్యి వేసి కొత్త ఊరిదాకా నడిచింది. ఆ తరువాత ఆమె ఎక్కువ కాలం లేదు. కవ్వం మాత్రం నా దగ్గర ఉంది.

చిన్నమ్మకు పిల్లలు పుట్టలేదు. ఎన్ని శుక్రవారాలు వెన్న పూసిందో లెక్కలేదు. పుట్టలేదని అమ్మ మీద అలగనూ లేదు, మొక్కు మాననూ లేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగితే, "నేను అడిగినాను, ఆయమ్మ ఇయ్యల్యా. ఇయ్యకపోతే తల్లి కాకుండా పోతాదా?" అంది. ఆ మాటను భక్తి అనాలో, దుఃఖం అనాలో నాకు ఈనాటికీ తేలలేదు. మా అమ్మ ఉద్యోగానికి పోతే నన్నూ నా చెల్లెళ్ళనూ పెంచింది చిన్నమ్మే. మా ముగ్గురికీ కాన్పుల నాడు పక్కన కూర్చున్నదీ ఆమే.

మొన్న కార్తీకంలో ఆమెను కారులో అలంపురం తీసుకుపోయాను. కర్నూలు దాటి, పెద్ద రోడ్డు మీద అలంపురం చౌరస్తా దగ్గర మలుపు తిరగగానే ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఎంత ఎత్తు వచ్చిందో దారిపొడుగునా చేత్తో చూపిస్తూ వచ్చింది. ముందు మ్యూజియంకు వెళ్ళాం. అక్కడా ఒక తామర ముఖపు తల్లి ఉంది, కడిగిన రాయి, మొలనూలి పూసలు కూడా లెక్కపెట్టగలిగినంత శుభ్రంగా. చిన్నమ్మ చాలాసేపు చూసింది. "పాపం, ఈయమ్మకు ఒంటికి జిడ్డు తగిలి ఎన్నాళ్ళయిందో" అంది. అక్కడ ముట్టుకోకూడదని చెబితే చెయ్యి వెనక్కు తీసుకుంది.

తరువాత గుడిలోకి వెళ్ళాం. మా చెల్లెలి కోడలికి మూడుసార్లు నెల తప్పి నిలవలేదు. ఆ అమ్మాయి హైదరాబాదులో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతోంది, రాలేకపోయింది. చిన్నమ్మ సంచి అడుగు నుంచి పొట్లం తీసింది. మోదుగాకు దొరకక అరటాకు ముక్కలో కట్టిన వెన్న, ముందు రోజు సాయంత్రం మా ఇంట్లో అవ్వ కవ్వంతో తానే కూర్చుని చిలికినది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాను. కళ్ళు సరిగా ఆనకపోయినా, చేతికి దారి తెలుసు. బొడ్డు దగ్గర నుంచి కిందికి, తొడల మీదుగా, మెల్లగా పూసింది. ఆ అమ్మాయి పేరు ఒకసారి పలికింది. తన పేరు చెప్పలేదు. పూయడం అయ్యాక వేళ్ళకు మిగిలిన జిడ్డును, చిన్నప్పుడు అవ్వ చేసినట్లే, నా ముంజేతికి రాసి, "పద, బండి దొరకదు" అంది. కారులో వచ్చామన్న సంగతి మరిచిపోయినట్లుంది. నేను గుర్తు చేయలేదు.